వర్నా పేరు తీసేసిన వారం

తన గురించి ఎవరైనా రాశారని తెలిస్తే ఆర్విడ్ నీమి అది మొత్తం చదివి, "ఇందులో సగం అనవసరం" అంటాడు. అందుకే ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను.

ఆయనకు అరవై రెండేళ్లు. మా కౌంటీ ఆఫీసులో ఇరవై ఏడేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్నాడు. చూడటమంటే కొత్తవి కనిపెట్టడం కాదు. ఏ పేజీ ఎవరు చదవొచ్చు, ఎవరు అందులో రాయొచ్చు, ఎవరికి అది కనిపించనే కూడదు, ఈ అనుమతులన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఇనుపగనిలో గుమాస్తాగా మొదలుపెట్టాడు. గని మూతపడ్డాక కోర్టు భవనం కింద, బాయిలరు గది పక్కన ఒక బల్ల ఇచ్చి కూర్చోబెట్టారు. మనిషి పొడుగు, ఆ గది కప్పు పొట్టి. అన్నేళ్లు తల వంచుకుని తిరిగి, ఇప్పుడు ఆరుబయట కూడా అలాగే నడుస్తాడు. అలసట ఆయన ముఖం మీదికి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు కానీ, నేను ఉద్యోగంలో చేరేనాటికే అక్కడ కాపురం పెట్టేసింది.

నాది ఇళ్లకు వెళ్లే పని. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వారానికి రెండుమూడుసార్లు వెళ్లి మాత్రలు వేసుకున్నారా, పుండు మానుతోందా, హీటరు పనిచేస్తోందా, తిండి ఉందా అని చూసి రావాలి. మేము పధ్నాలుగు మందిమి. పొద్దున్నే పలక లాంటి చిన్న కంప్యూటరు తెరిస్తే ఆ వారం చూడాల్సినవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. ఆ వరస పట్టుకుని బండి తీస్తాం. మినెసోటా ఉత్తరాన జనవరిలో ఆ పని ఎలా ఉంటుందో వివరించి మిమ్మల్ని వణికించను.

మా ప్రాంతం వాళ్ల గుణం ఒకటి మాత్రం చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మేము ఫిర్యాదు చెయ్యం. కాలు విరిగినా, "ఇంకో కాలుందిగా" అంటాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా దగ్గర అమ్మ పెట్టినా రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకోవాలి. దీన్ని మర్యాద అంటారు. నేను యాభై రెండేళ్లు దీన్ని మర్యాద అనే అనుకున్నాను. ఇప్పుడు దీనికి వేరే పేరుంది నా దగ్గర, అది అచ్చులో బాగుండదు.

ఇక వర్నా సంగతి. వర్నా శాథర్ మా మొదటి సూపర్‌వైజరు. ఫలానా ముసలాయనను ఫలానా ఉద్యోగి చూస్తారని రాయడానికి పాత ప్రోగ్రాంలో ఒక గడి ఉండేది. వర్నా దాన్ని ఏనాడూ వాడలేదు. ఆ ముసలాయన పేజీని తన పేరు మీద తెరిచి, తన పేరు మీదే నాకో ఇంకొకరికో కనిపించేలా పంచేది. చచ్చిపోయినవాళ్ల పేజీలు కూడా మూసేది కాదు. "మొన్నటిదాకా నాతో కాఫీ తాగినవాళ్లు. కొట్టెయ్యడానికి చేతులు రావు" అనేది. ఎనిమిదేళ్ల కిందట రిటైరైంది, రెండేళ్లకే పోయింది. ఆవిడ పేరు మాత్రం ప్రోగ్రాంలో అలాగే ఉండిపోయింది. ఒకసారి ఆర్విడ్ దాన్ని కాస్త కదిపితే ఇద్దరికి పేజీలు మూసుకుపోయాయట. మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసి, ఇక ఆ జోలికి పోలేదు.

కిందటి జనవరిలో కౌంటీ పెద్దలు ఓటు వేసి, ప్రోగ్రాంని బాయిలరు పక్క గదిలోంచి క్లౌడ్‌కి మార్చాలన్నారు. మినియాపొలిస్ నుంచి ఒక కంపెనీ వచ్చి శని, ఆదివారాల్లో ఆ పని చేసింది. ఆ కంపెనీ తరఫున ఫోనులో మాట్లాడే కుర్రాడి పేరు ట్రెవర్. కొత్త చోట ప్రోగ్రాం వాడే ఒక్కో ఉద్యోగి పేరుకు నెలనెలా అద్దె కట్టాలి. కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ వాడని ముప్పయ్యొక్క పేర్లు ట్రెవర్ ఆర్విడ్‌కి పంపి, తీసేయడానికి ఒప్పుకోమన్నాడు. పద్దెనిమిదో పేరు వర్నా శాథర్.

దాని గురించి ఆర్విడ్ తరవాత నాతో చెప్పాడు. "ఆ పేరు దగ్గర చెయ్యి ఆగింది డార్లా. ఈవిడని తీసేస్తే ఈవిడ పంచినవి ఏమౌతాయని అతన్ని అడుగుదామనుకున్నా. అప్పటికే ఆ వారంలో పదకొండుసార్లు అడిగాను. మళ్లీ అడిగితే ఏమనుకుంటాడోనని ఊరుకున్నా. శుక్రవారం నాలుగు కావస్తోంది. టిక్ పెట్టేసి చేపల వేపుడు తినడానికి పోయాను."

సోమవారం నేను పలక తెరిస్తే తొమ్మిది పేర్లు ఉండాల్సిన చోట ఆరున్నాయి. తప్పు జరిగిందన్న సందేశం లేదు, ఎర్ర అక్షరాలు లేవు. శుభ్రంగా ఆరు పేర్లు. డిసెంబరులో కొత్త సూపర్‌వైజరు అందరికీ పని సమానంగా సర్దుతానంది. సర్దేసింది కాబోలు, నా ముగ్గురినీ ఎవరికో ఇచ్చింది కాబోలు అనుకున్నాను. అందులో ఒకాయన ఐనో లాటి, పదేళ్లుగా ఆయన పాదానికి కట్టు కడుతున్నదాన్ని. ఒక మాట చెప్పి ఇవ్వొచ్చుగా అని మనసు చివుక్కుమంది. కానీ వెళ్లి అడగలేదు. అడిగితే ఉక్రోషపడ్డట్టుంటుంది. మంగళవారం అడగలేదు, బుధవారం అడగలేదు. నాలాంటి ఇంకో పదకొండు మంది కూడా అడగలేదని తరవాత తెలిసింది.

గురువారం పొద్దున ఆర్విడ్ ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి మా గదికి వచ్చాడు. ఆయన పైకి రావడమే ఒక వార్త.

"కొత్త ప్రోగ్రాంతో ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగాడు.

ఎవరికీ లేదు. చక్కగా ఉందని ఒకరన్నారు. అలవాటైపోతుందని ఇంకొకరన్నారు. ఆయన కదల్లేదు.

"ఇరవై ఏడేళ్లలో నేను బల్బు మార్చినా కింద పది ఫోన్లొచ్చేవి. ఈసారి ప్రోగ్రాం మొత్తం మార్చారు. మూడు రోజులైంది, ఒక్క ఫోను రాలేదు. నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "డార్లా, ఆ పలక బోర్లా పెట్టు. పోయిన వారం ఎవరెవరి ఇంటికి వెళ్లావో చూడకుండా చెప్పు."

చెప్పాను. జేబులోంచి కాగితం తీసి పెన్సిలుతో తొమ్మిది పేర్లు రాసుకున్నాడు.

"ఇప్పుడు తెరువు."

తెరిచాను. ఆరు. ఆయన వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి మూడింటి దగ్గర చుక్కలు పెట్టాడు.

"వీళ్లేరి?"

"ఎవరికో ఇచ్చారుగా."

"ఎవరికి?"

నేను గదిలో అందరి ముఖాలూ చూశాను. అందరూ నా ముఖం చూశారు. ఐనో లాటిని ఎవరూ చూడటం లేదు. సోమవారం నుంచి ఆయన కట్టు ఎవరూ విప్పలేదు.

ఆర్విడ్ అక్కడి నుంచే ట్రెవర్‌కి ఫోను చేసి అందరికీ వినిపించేలా పెట్టాడు.

"నాకన్నీ కనిపిస్తున్నాయి సార్. ఆరువందల నలభై పేర్లూ భద్రంగా ఉన్నాయి" అన్నాడు ట్రెవర్.

"నీకు కనిపిస్తాయి నాయనా. నాకూ కనిపిస్తున్నాయి. అన్ని గదుల తాళంచెవులూ మన దగ్గరే పెట్టుకుని తలుపులన్నీ బాగానే తెరుచుకుంటున్నాయనుకుంటున్నాం. నేనడిగేది డార్లాకి ఎందుకు కనిపించడం లేదని."

"ఆమెకి అనుమతి లేదు సార్."

"మరి లేదని చెప్పి చావచ్చుగా. పాత ప్రోగ్రాం ముఖం మీద చెప్పేది."

"ఇందులో అలా చెప్పదు సార్. అనుమతి లేకపోతే ఆ పేరున్నట్టే చూపించదు. భద్రత కోసం."

"అంటే తలుపు వేసి ఉందని చెప్పదు. అక్కడ తలుపే లేదంటుంది" అన్నాడు ఆర్విడ్.

"అలా కూడా అనుకోవచ్చు సార్."

ఆ తరవాత ఎటు తిరిగినా గోడే. పాత యంత్రాన్ని మంగళవారమే తుక్కు బండిలో ఎక్కించేశారు. కంపెనీ దగ్గర నకలుంది కానీ తీసివ్వడానికి మూడు నుంచి అయిదు పనిదినాలట. ఎవరి పేజీలో చివరగా ఎప్పుడు రాశారో చూసి బతికున్నవాళ్లను ఏరుదామంటే, మాకు కనిపించని ప్రతి పేరు పక్కనా ఒకటే తేదీ, కిందటి శనివారం. మార్చేటప్పుడు అన్నింటికీ ఆ ముద్రే పడింది. ఆరువందల నలభై మందిలో సగం పైగా శ్మశానంలో ఉన్నారు, వర్నా దయ. ఆమె పంచినవన్నీ ఆమె పేరుతోపాటే పోయాయి కనక, మా వరసల్లోంచి జారిపోయినవాళ్లంతా ఆమె కాలంలో చేరినవాళ్లు. అంటే మా దగ్గర అందరికన్నా పాతవాళ్లు, అందరికన్నా ముసలివాళ్లు.

ఆర్విడ్ పెన్సిలు మొన చూసుకుని, "సరే. తలకాయల్లో ఉన్నదే తీద్దాం" అన్నాడు.

పదమూడు మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పలక బోర్లా పెట్టించి, చూడకుండా చెప్పించాడు. విసుక్కోలేదు. మర్చిపోయినవాళ్లకు దారి గుర్తుచేశాడు. "పోస్టాఫీసు దాటాక ఎడమకి తిరుగుతావు. అక్కడ ఎవరి ఇల్లు?" పదకొండున్నరకి ఇరవై ఆరు పేర్లు తేలాయి. కింద తన బల్ల దగ్గరికి కూడా పోకుండా అక్కడే నిలబడి ఆ ఇరవై ఆరు పేజీలూ చేత్తో తెరిచి పంచాడు. అందరం కోట్లు తొడుక్కున్నాం.

పధ్నాలుగో మనిషి కోనీ. ఆమె మూడు వారాల సెలవు మీద అరిజోనాలో ఎండ కాగుతోంది. ఆమె బదులు సోమవారమే వచ్చిన అమ్మాయి, "నా వరసలో ఎనిమిది మంది ఉన్నారు, ఎనిమిది మందినీ చూశాను" అంది. ఆమె చెప్పింది నిజమే, ఆమెకు అంతకుమించి తెలియదు. కోనీకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆర్విడ్ సందేశం వదిలాడు. ఆయన కాగితంలో కోనీ పేరు కింద జాగా ఖాళీగా ఉండిపోయింది.

నేను బండి దగ్గరికి వెళ్లేసరికి ఆర్విడ్ వెనకే వచ్చాడు.

"నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"ఇరవై ఏడేళ్లుగా వీళ్ల పేర్లకి తాళాలు తీస్తున్నాను, వేస్తున్నాను. ఒక్కరి ముఖం ఎరగను. ఎవరికైనా ఏమైనా అయ్యుంటే అది నా టిక్కు వల్లే. నీ నోటి ద్వారా వినడం నా వల్ల కాదు."

దారిలో వర్నా పేరు దగ్గర చెయ్యి ఆగిన సంగతి చెప్పాడు. నేను సోమవారం చూసి ఊరుకున్న సంగతి చెప్పాను. ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకోలేదు. బయట మైనస్ ఇరవై ఆరు.

మొదటి ఇద్దరూ బాగానే ఉన్నారు. ఒకావిడ మేము రాకపోవడం గమనించనే లేదు. ఇంకొకాయన గమనించి సంతోషించాడట, ఉప్పు తినొద్దని చెప్పేవాళ్లు లేరని. మూడోది లాంగ్ లేక్ ఒడ్డున ఐనో లాటి ఇల్లు. ఎనభై ఆరేళ్ల మనిషి, చక్కెర జబ్బు. కట్టు విప్పితే వాసన కొట్టింది. పుండు పెరిగింది కానీ పరిస్థితి చెయ్యి దాటలేదు. శుభ్రం చేస్తూ తిట్టాను.

"నాలుగు రోజులు నేను రాకపోతే ఒక ఫోను చెయ్యలేకపోయారా?"

"నాకంటే అవసరమైనవాళ్లు ఉండుంటార్లే అనుకున్నాను అమ్మాయ్. చలి కదా." ఆయన ఆర్విడ్ వైపు చూశాడు. "ఈ పొడుగాయన ఎవరు, డాక్టరా?"

"కాదండీ. కంప్యూటర్లు చూస్తాను. తప్పు నా వల్లే జరిగింది. క్షమించండి."

"ఓ" అన్నాడు ఐనో. కిటికీలోంచి గడ్డకట్టిన చెరువు వైపు చూస్తూ మాట మార్చాడు. "అటు ఒడ్డున సిల్వీకీ ఇలాగే అయిందా ఏమిటి? సోమవారం మంచు పడ్డాక వాళ్లింటి దారిలో టైరు జాడే లేదు. కోనీ సెలవులో ఉందిగా, అందుకనుకున్నా."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. సిల్వీ హార్యు, తొంభై ఒకటి. కోనీ చూసే మనిషి. వర్నా కాలం నుంచి ఉంది.

"ఆవిడకి మీరు ఫోను చేశారా?" అన్నాడు ఆర్విడ్.

"మొన్న చేద్దామనుకున్నాను. పడుకునుందేమో, లేపినట్టవుతుందని ఊరుకున్నాను."

ఆర్విడ్ అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు.

సిల్వీ ఇంటికి రోడ్డు మీంచి నూరు గజాల దారి. మంచు ఎవరూ తొక్కకుండా మోకాటి లోతు పరుచుకుని ఉంది. పొగగొట్టంలో పొగ లేదు. ఆర్విడ్ ముందు నడిచాడు, రెండుసార్లు పడ్డాడు, లేపబోతే నా చెయ్యి విదిలించుకున్నాడు. ఆవిడ బతికే ఉందని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఇలాంటివి చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్లను ఏడిపించడం నాకు నచ్చదు. కానీ తలుపు తోసే దాకా ఆ సంగతి మాకు తెలియదు. ఆ నూరు గజాల్లో ఆర్విడ్ ముఖం ఎలా ఉందో చూడాల్సి వచ్చినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఇంట్లో ఊపిరి పొగలా కనిపిస్తోంది. వంటింట్లో కరెంటు పొయ్యి కింద ఉండే ఓవెన్ తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని, కోటు మీద రెండు బొంతలు కప్పుకుని కూర్చుంది సిల్వీ. పెదవులు నీలంగా ఉన్నాయి. హీటరు మంగళవారమే ఆరిపోయింది. ఫోను చేతికి అందేంత దూరంలో గోడకుంది.

నాడి పట్టుకున్నాను. నెమ్మదిగా ఉంది కానీ ఉంది. అంబులెన్సుకి ఫోను చేస్తే పాతిక నిమిషాలన్నారు. ఆర్విడ్ తన కోటు తీసి ఆవిడ మీద కప్పి, నేల మీద కూర్చుని ఆవిడ పాదాలు రెండూ తన స్వెట్టరు లోపల పెట్టుకున్నాడు.

"మీకు మనిషి రావడం మానేస్తే మాకు చెప్పొద్దా?" అన్నాను. గొంతు పెద్దదైపోయింది.

సిల్వీ కాస్త తడుముకుంటూ మాట్లాడింది. "నన్ను తీసేశారనుకున్నానమ్మా. తొంభై ఒకటొచ్చాయి. మీరు మాత్రం ఎంతమందినని చూస్తారు. ఎక్కడో ఒకచోట ఆపాలిగా." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఫోను చేస్తే ఆ మాట నాతో చెప్పలేక మీరు ఇబ్బంది పడతారని చెయ్యలేదు."

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో మాకు నేర్పారు. ప్రోగ్రాంలో చిన్న సమస్య వచ్చిందండీ, సరిచేశామండీ అనాలి. ఆ మాట అనడానికే నోరు తెరిచాను.

"ఎవరూ తీసెయ్యమనలేదమ్మా" అన్నాడు ఆర్విడ్. "నేనే తీసేశాను. ఒక జాబితా వచ్చింది. సరిగా ఆలోచించకుండా ఒప్పుకున్నాను. దాంతో మీ పేరు పోయింది."

ఆవిడ తల వంచి ఆయన్ని చాలాసేపు చూసింది. ఆ చలిలో, ఆ నీరసంలో, ఆవిడ కళ్లలోకి మొదటిసారి కోపం లాంటిదొకటి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నువ్వా?"

"నేనే."

"మరి మళ్లీ పెట్టగలవా?"

"పెడతానమ్మా. ఆఫీసుకి వెళ్లగానే."

"వెళ్లాక కాదు. ఇప్పుడే పెట్టు. నేను చూస్తుండగా పెట్టు."

ఆర్విడ్ నా వైపు చెయ్యి చాచాడు. నా పలక ఇచ్చాను. అందులో తన పేరుతో లోపలికి వెళ్లాడు. వేళ్లు కొయ్యబారి ఉన్నాయి, ఒక్కో అక్షరం రెండుసార్లు కొట్టాడు. ఆరువందల నలభై పేర్లలో హార్యు సిల్వీ పేజీ దొరికింది. దాన్ని ముందు కోనీకి పంచాడు. తరవాత నాకు పంచాడు. అక్కడితో ఆగలేదు, పధ్నాలుగు మందికీ పంచాడు. ఎవరికెంత అవసరమో అంతే చూపించాలని జీవితమంతా పట్టుబట్టిన మనిషి.

"అయిందమ్మా."

"చూపించు."

చూపించాడు. ఆవిడకి అద్దాలు లేకుండా కనిపించలేదు.

"చదువు" అంది.

"హార్యు, సిల్వీ. లాంగ్ లేక్ ఉత్తరపు ఒడ్డు. చూడవలసినవారు" అని మొదలుపెట్టి, మా పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ప్రతి పేరుకీ ఆవిడ తలాడించింది. తొమ్మిదో పేరు దగ్గర అంబులెన్సువాళ్లు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, స్ట్రెచరు దించి, ఆవిడ మీది బొంతలు తీయబోయారు.

సిల్వీ చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"ఉండండి. ఇంకా అయిదుగురున్నారు" అంది.